పొగడపాడు ఓరమోము అమ్మవారు

గుండ్లకమ్మ వంపు తిరిగే చోట, పొగడపాడు గ్రామంలో, శ్రీ బాలాత్రిపురసుందరీ దేవి కొలువై ఉన్నది. కాగితాల మీద అమ్మవారి పేరు ఇదే. కానీ బస్సు దిగి ఈ పేరు చెప్పి దారి అడిగితే ఊళ్లో చాలామంది తెల్లముఖం వేస్తారు. ఓరమోము అమ్మవారి గుడి ఎక్కడ అని అడగాలి. అప్పుడు టీ కొట్టు దగ్గర కూర్చున్నవారు సైతం లేచి వచ్చి వీధి మలుపు దాకా దిగబెడతారు.

గుడి చిన్నది, తూర్పు ముఖంగా ఉంటుంది. ముందు నాలుగు స్తంభాల మంటపం, లోపల గర్భాలయం, ఆగ్నేయ మూలన పెంకులు కప్పిన వంటశాల. మంటపానికీ వంటశాలకూ మధ్య ఒక పక్క వాకిలి ఉన్నది. విగ్రహం మూడడుగుల నల్లరాయి. అమ్మవారి శరీరం తిన్నగా తూర్పుకే ఉన్నా, ముఖం మాత్రం ఎవరో పిలిస్తే తిప్పినట్టు కొద్దిగా కుడివైపుకు ఉంటుంది. ఎదురుగా నిలబడి ఎంతసేపు దండం పెట్టుకున్నా ఆ చూపు మన మీద పడదు. మన పక్కగా సాగి, ఆ వాకిలి గుండా వంటశాలలోకి పోతుంది.

ఇంత దూరం వస్తే అమ్మ మనవైపు చూడనే లేదని కొందరు చిన్నబుచ్చుకుని వెళ్తారు. ఈ చిన్న పుస్తకం వారి కోసమే. రాస్తున్న నేను ఈ గుడి అర్చకులలో ఆరో తరం వాణ్ణి. ఇందులో ఉన్నది మా ఇంటి తప్పు కనుక, ఎవరో రాయడం కంటె మీరే రాస్తే బాగుంటుందని కమిటీ వారు ఈ పని నాకు అప్పగించారు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ఏటి ఒడ్డున పొగడ చెట్లు దట్టంగా ఉండేవి. మాలకొండయ్య అనే గొర్రెల కాపరి, ఒక గొర్రె కాలు బొరియలో ఇరుక్కుంటే దాన్ని తీయడానికి మట్టి తవ్వుతుండగా కర్రకు రాయి తగిలింది. చూస్తే అమ్మవారి కిరీటం. నలుగురినీ పిలిచి పైకి తీశాడు. చాలా గుళ్ల కథలు ఇలాగే మొదలవుతాయి, మా గుడి కథా అంతే. అయితే విగ్రహం దొరికిన నాడు ముఖం తిన్నగా ఉన్నదా, ఓరగా ఉన్నదా అని మాలకొండయ్యను ఎవరూ అడిగి పెట్టుకోలేదు. ఆ ప్రశ్న చాలా కాలం తర్వాత, మా తాతగారికి తాత అయిన యజ్ఞన్నగారి రోజుల్లో పుట్టింది.

ఆ కాలంలో దసరా వచ్చిందంటే చుట్టుపక్కల ముప్పై ఊళ్ల వారు బండ్లు కట్టుకుని ఇక్కడికి వచ్చేవారు. అమ్మవారికి రోజుకో అలంకారం, రోజుకో నైవేద్యం. అలంకారం యజ్ఞన్నగారి పని. నైవేద్యం ఆయన ధర్మపత్ని సూరమ్మగారి పని. ఆమె పదమూడో ఏట ఈ వంటశాలలో పొయ్యి ముట్టించారు. తెల్లవారకముందే ఏటిలో మునిగి, తడిబట్టతో మడి కట్టుకుని, ఒకనాడు కట్టుపొంగలి, ఒకనాడు పులిహోర, ఒకనాడు కొబ్బరన్నం, ఒకనాడు అల్లం గారెలు, అలా తొమ్మిది రోజులూ వండేవారు. అమ్మవారి నివేదన అయ్యాక వచ్చిన జనానికి వండటం వేరే.

అలంకారమూ నివేదనా తెర వెనుక జరిగేవి. తెర తీసి గంట మోగించి హారతి ఇచ్చేసరికి మంటపంలో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. మడితో ఉన్న మనిషి ఆ జనంలోకి వస్తే ఎవరి చెయ్యో తగులుతుంది. తగిలితే మళ్లీ ఏటికి వెళ్లి మునిగి వచ్చి మొదటి నుంచీ వంట మొదలుపెట్టాలి. అందుచేత సూరమ్మగారు గంట వినగానే పొయ్యి దగ్గరే నిలబడి, పిండి అంటిన చేతులతోనే దండం పెట్టుకునేవారు. సాయంత్రం ఆమె చేతికి తీరిక దొరికే వేళకు అమ్మవారి నగలూ పూలూ తీసేసి ఉండేవారు. మామూలు రోజుల్లో అమ్మవారిని ఆమె ఎన్నోసార్లు చూశారు. ముప్పైనాలుగు దసరాలకు వంట చేసి కూడా ఒక్క అలంకారం చూడలేదు.

తెర తీయకముందు పక్క వాకిలి గుండా ఆమెను ఒక్క నిమిషం లోపలికి పిలవడానికి వీలున్నది. ఆమె రెండు మూడు ఏళ్లు అడిగారు కూడా. యజ్ఞన్నగారు ప్రతిసారీ ఒకే సమాధానం చెప్పారు. తెర తీయకముందు అలంకారం ఎవరూ చూడకూడదనేవారు. పైగా మనం ఇంటివాళ్లం, మనకేం తొందర, దూరం నుంచి వచ్చినవాళ్లను ముందు చూడనీ అనేవారు. వినడానికి ఇది ఎంతో మంచి మాట. ఊళ్లో ఆయనకు మంచి పేరు తెచ్చిన మాట కూడా. మా ఇంటి మగవాళ్లలో ఈ మాట అనని వాడు లేడు, నాతో సహా.

ఆ ముప్పైనాలుగో ఏట సూరమ్మగారికి చూపు మందగించింది. పొయ్యి పొగ వల్లనో మరి దేనివల్లనో తెలియదు. బియ్యంలో రాళ్లను వేళ్లతో తడిమి ఏరుకునేవారు. శ్రావణ మాసంలో ఒకనాడు ప్రసాదంలో రాయి పంటికి తగిలిందని ఎవరో చెబితే, యజ్ఞన్నగారు వంటశాల గుమ్మంలో నిలబడి ధ్యాస ఎక్కడ పెట్టావని అందరూ వినేట్టు కోప్పడ్డారు. దసరా పాడ్యమి నాడు ఉదయం, ఆయన పూలబుట్టతో లోపలికి వెళ్తుండగా సూరమ్మగారు ఆపి చెప్పారు.

"నాకు చూపు ఆనడం లేదండీ. వచ్చే ఏటికి ఈ మాత్రం కూడా ఉంటుందో ఉండదో. ఈ దసరాలో ఒక్కరోజు నాకు అమ్మవారి అలంకారం చూపించండి."

యజ్ఞన్నగారు కలత పడ్డారు. ఆయన రాతిగుండె మనిషి కాదు. నియమం సంగతి నేను చూసుకుంటాను, తప్పకుండా చూపిస్తానన్నారు. ఆ రోజు అప్పటికే ఆలస్యమైంది కనుక రేపు అన్నారు. మర్నాడు ఏటి అవతల నుంచి మూడు ఊళ్ల వాళ్లు ఒకేసారి వచ్చిపడ్డారు. తదియ నాడు వాన కురిసి జనమంతా మంటపంలోకే చేరారు. మూలా నక్షత్రం రోజున పలకలు పట్టుకున్న పిల్లలతో, వారి తల్లులతో గుడి కిక్కిరిసింది. అష్టమి నాడు తెర తొందరగా తీయమని బయట కేకలు వేశారు. నవమి నాడు జమీందారిణి పల్లకి దిగింది. సూరమ్మగారు ప్రతి ఉదయమూ తడి కొంగుతో కళ్లు తుడుచుకుని పక్క వాకిలి దగ్గరకు వచ్చి నిలబడేవారట. ప్రతి ఉదయమూ గంట మోగేది, ఆమె పొయ్యి దగ్గరకు తిరిగి వెళ్లేవారు.

విజయదశమి మధ్యాహ్నం ఊరంతా జమ్మిచెట్టు దగ్గరకు కదిలింది. మంటపం ఖాళీ అయింది. రాజరాజేశ్వరీ అలంకారం ఇంకా తీయలేదు. యజ్ఞన్నగారు తానే వంటశాలకు వెళ్లి, భార్య చేయి పట్టుకుని తీసుకువచ్చి అమ్మవారికి ఎదురుగా నిలబెట్టారు. పళ్లెంలో కర్పూరం వెలిగించి, అమ్మవారి పాదాల దగ్గర మొదలుపెట్టి ముఖం దాకా మెల్లగా ఎత్తి పట్టుకున్నారు. ఇంత తీరికగా హారతి ఇవ్వడం ఆయనకు ఆ దసరాలో అదే మొదటిసారి. సూరమ్మగారు చాలాసేపు చూశారు.

"చూశానండీ. ఎర్ర పట్టుచీరలో అమ్మ ఎంత కళగా ఉందో" అన్నారు.

విజయదశమికి ఈ గుడిలో అమ్మవారికి ఏటా ఎర్ర చీరే కడతారు. ఆ సంవత్సరం మాత్రం జమీందారిణి ముందురోజు ఇచ్చిన ఆకుపచ్చ పట్టుచీర కట్టారు. ఊరందరూ దాన్ని చూశారు. సూరమ్మగారికి వంటశాలలో తెలియలేదు, చీర మారిందని ఆయన ఇంట్లో చెప్పనూ లేదు.

యజ్ఞన్నగారు పళ్లెం కిందికి దించారు. ఆమెకు ఇక ఏమీ కనిపించడం లేదని ఆయనకు అప్పుడు అర్థమైంది. ఏ రోజు వరకు కనిపించిందో, ఏ రోజు ఆగిపోయిందో అడగడానికి ధైర్యం చాలలేదు. "అవును, ఎర్ర చీర బాగా నప్పింది" అన్నారు. ఆమె మనసు నొప్పించకూడదనే అలా అన్నారు. ఆమె కూడా ఆయన మనసు నొప్పించకూడదనే చూశానని చెప్పి ఉంటారు.

ఆ సాయంత్రం జమ్మి ఆకులు తెచ్చిన ఆడవాళ్లు ప్రసాదం కోసం వంటశాల దగ్గర ఆగారు. అమ్మవారి ఆకుపచ్చ చీర గురించీ, దాని మామిడిపిందెల అంచు గురించీ వాళ్లలో వాళ్లు చెప్పుకున్నారు. సూరమ్మగారు వింటూనే అందరికీ పులిహోర పెట్టారు.

ఏకాదశి ఉదయం యజ్ఞన్నగారు గర్భాలయం తలుపు తీసి దీపం పెట్టారు. నిన్నటి చీర తీసి, అభిషేకానికి నీళ్ల బిందె ఎత్తి అలాగే నిలబడిపోయారు. అమ్మవారి ముఖం ఆయన వైపు లేదు. పక్క వాకిలి వైపు, వంటశాల వైపు తిరిగి ఉన్నది. బిందె కింద పెట్టి పరుగున వంటశాలకు వెళ్లారు. సూరమ్మగారు పండుగ గంగాళాలు ముందు వేసుకుని తోముతున్నారు.

"ఏమే, అమ్మ నీ వైపు తిరిగిందే. ముఖం తిప్పి ఇటే చూస్తోంది" అన్నారు ఆయన.

సూరమ్మగారు తోమడం ఆపలేదు. "నా కోసం అలా చెప్పకండి" అన్నారు. ఇంకో గంగాళం ముందుకు లాక్కుని, "నిన్న కట్టింది ఆకుపచ్చ చీర అని మీరు చెప్పి ఉంటే, ఇవాళ ఈ మాట నమ్మేదాన్ని" అన్నారు.

ఆయన ఒట్టు పెట్టుకున్నారు. ఊరివాళ్లను పిలుచుకు వచ్చారు. చూసినవారిలో సగం మంది ముఖం తిరిగిందన్నారు, సగం మంది మొదటి నుంచీ అంతే ఉందన్నారు. ఇన్నాళ్లూ నగలనూ పూలనూ చీరనూ చూసినవారే కానీ, ముఖం ఎటు ఉన్నదో గుర్తుపెట్టుకుని చెప్పగలిగినవారు ఒక్కరూ లేకపోయారు. సూరమ్మగారు రెండు మాటలూ విన్నారు. తర్వాత ఆ ప్రసక్తి ఎత్తలేదు. ఆయన మీద కోపం చూపించలేదు, వేళకు విస్తరి వేయడం మానలేదు. అదే ఆయనను ఎక్కువ బాధపెట్టిందని మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఆమె చేయి పట్టుకుని అమ్మవారి చెంపను తడిమిస్తే సరిపోయేది. మూలవిరాట్టును అర్చకుడు తప్ప మరొకరు తాకరాదన్న నియమం యజ్ఞన్నగారికి అడ్డం వచ్చింది. ఇవాళ, రేపు అని తటపటాయిస్తుండగానే మాఘమాసంలో సూరమ్మగారికి జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో కన్నుమూశారు. దాటవలసిన నియమం అదొక్కటే, దాటలేకపోయాను అని ఆయన బతికినన్నాళ్లూ అన్నారట.

ఇతర క్షేత్రాల్లో ఇలాంటి చోట దేవత కలలో కనిపించి ఏం చేయాలో ఆజ్ఞ ఇస్తుంది. యజ్ఞన్నగారు ఆ కల కోసం ఎదురుచూశారు. ఆయన కలలోకి అమ్మవారూ రాలేదు, సూరమ్మగారూ రాలేదు. కనుక ఇక్కడి ఆచారం ఆయన తనకు తానుగా పెట్టుకున్నది.

మరుసటి దసరాకు పెద్ద కోడలు భ్రమరాంబ వంటకు దిగింది. పాడ్యమి ఉదయం అలంకారం ముగించి, తెర తీయకుండా, యజ్ఞన్నగారు వంటశాల గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అమ్మవారికి ఏ రంగు చీర కట్టారో, అంచు ఎలా ఉన్నదో, ఏ పూలు వేశారో, ముక్కుపుడక కాస్త వదులైందన్న సంగతితో సహా కోడలికి చెప్పారు. ఆపైన ఆమెను పక్క వాకిలి గుండా లోపలికి తీసుకువెళ్లి, నేను చెప్పినట్టే ఉన్నదా చూసి చెప్పమ్మా అని అడిగారు. ఆమె తీరికగా చూసి "నిజమే మామయ్యగారూ" అన్నాక గంట మోగించి తెర తీశారు. తెర తీయకముందు చూడటం అపచారమని పెద్దలు అభ్యంతరం చెప్పారు. అపచారం పోయిన ఏడే జరిగిపోయిందని ఆయన సమాధానం ఇచ్చారట.

నాటి నుంచి నేటి వరకు ఈ గుడిలో దసరా అన్ని రోజులూ వంట చేసినవారు చూసి "నిజమే" అనందే తెర లేవదు. ప్రస్తుతం ఆ మాట అనేది మా ఆవిడ. ఒక ఏడాది నేను హడావిడిలో చామంతులను బంతిపూలని చెబితే, కాదు, సరిగా చెప్పి రండి అని వెనక్కి పంపింది. బయట రెండు వేల మంది ఉన్నారు. మళ్లీ వెళ్లి చూసి వచ్చి చెప్పాను.

భక్తులు కూడా ఈ ఆచారాన్ని తమ ఇళ్లకు తీసుకువెళ్తారు. పండుగ వంటల వల్లనో, మంచాన ఉన్నవారి సేవ వల్లనో ఇంట్లో ఆగిపోయిన వారికి కుంకుమ పొట్లం ఇచ్చి, ఆనాటి అలంకారం చూసింది చూసినట్టుగా చెప్పాలి. తెలియనిది తెలియదనాలి. అలా చెప్పిన ఇంట్లో మాటకు విలువ నిలుస్తుందని, విన్నవారికి దర్శన ఫలం పూర్తిగా దక్కుతుందని పెద్దల మాట. కంటి జబ్బులు నయమవుతాయని కొందరు మొక్కుకుంటున్నారు. సూరమ్మగారికి నయం కాలేదు కనుక ఆ మాట నేను రాయలేను.

విజయదశమి నాడు మాత్రం అలంకారం రెండుసార్లు చెబుతాము. మొదటిసారి వంట చేసినవారికి. రెండోసారి, వంటశాలలో ఉన్నవారంతా పక్కకు తప్పుకున్నాక, అదే గుమ్మంలో నిలబడి, సూరమ్మగారికి. చీర రంగుతో మొదలుపెట్టి అంతా చెప్పి, చివర అమ్మ మీ వైపే చూస్తోందని చెబుతాము. చెప్పి, ఒక కర్పూరపు బిళ్ల వెలిగి ఆరిపోయేంత సేపు అక్కడే నిలబడతాము. లోపలి నుంచి ఎవరూ ఏమీ అనరు. ఆ తర్వాతనే తెర తీస్తాము. ఆనాడు దర్శనం కొంత ఆలస్యమవుతుంది కనుక భక్తులు దయచేసి గంట కొట్టమని కేకలు వేయవద్దని మనవి.