తునికమ్మకు ఎంగిలి మొక్కు

శ్రీ తునికమ్మ తల్లి కొలువైన ఈ గట్టుకు కొత్తగా వచ్చే భక్తులు మెట్ల దగ్గర ఉన్న పలక చూసి ఆగిపోతారు. లోకంలో ప్రతి గుడి దగ్గరా ‘ఇక్కడ ఉమ్మరాదు’ అని రాసి ఉంటుంది. ఇక్కడ మాత్రం ‘పండు తిని, గింజలు దారి పక్కన ఉమ్మి వెళ్ళండి’ అని ఉంటుంది. తాంబూలం వేసుకునేవారు దీన్ని తమకు అనుకూలంగా అర్థం చేసుకోవద్దని మనవి. ఉమ్మవలసింది తునికి గింజలు మాత్రమే. పోయిన ఏడు ఒక భక్తుడు పట్నం నుంచి గింజలేని ద్రాక్షపండ్లు గంపెడు తెచ్చాడు. పూజారి వాటిని మర్యాదగా వెనక్కి ఇచ్చేశాడు. గింజలేని పండుతో అమ్మవారికేం పని?

చైత్ర వైశాఖాల్లో ఈ గట్టంతా తునికిపండ్ల వాసన వేస్తుంది. పసుప్పచ్చని పండు, వగరు కలిసిన తీపి. చిన్నతనంలో మోదుగాకు దొప్పలో పెట్టి మా అమ్మ ఇచ్చిన ఆ రుచి నాకు మరే పండులోనూ దొరకలేదు. గుడి వెనక్కి వెళితే నెమళ్ళ కూతలు వినిపిస్తాయి. అదృష్టం బాగుంటే కణుతులు, అంటే పెద్ద కొమ్ముల దుప్పులు, కనబడతాయి. ఇంకా బాగుంటే గుడ్డెలుగు ఎదురుపడదు. ఎలుగుబంటిని మా వైపు అలా పిలుస్తారు. అది అమ్మవారి వాహనం.

ఇదంతా ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకుంటే పొరపాటు. పూర్వం ఇక్కడ, మా అవ్వల అవ్వలు పుట్టకముందు, నీడ అనేదే లేని కాలం ఒకటి నడిచింది. అంతకుముందు చిక్కటి అడవే. గట్టు కింది పల్లెలో ఇనుము కరిగించే బట్టీలు వెలిశాయి. బట్టీకి బొగ్గు కావాలి, బొగ్గుకు చెట్టు కావాలి. తునికి కట్టె బాగా వేడినిస్తుందని ముందు తునికి చెట్లు కొట్టారు, తరువాత మిగిలినవన్నీ కొట్టారు. మోళ్ళ నుంచి లేచిన చిగుళ్ళను మేకలు మేశాయి. తిండి లేక గుడ్డెలుగులు ఏరు దాటి అవతలి గట్టు మీది అడవికి పోయాయి. పిట్టలూ పోయాయి. అమ్మవారి రాయి ఒక్కటే ఎండలో మిగిలింది. ఇందులో ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు. అందరి ఇళ్ళలోనూ గొడ్డలి ఉంది.

ఆ పల్లెలో మద్దమ్మ అనే మేకలకాపరి ఉండేది. ఆమె భర్త బొగ్గు కాల్చి కాల్చి ఊపిరి చెడి చనిపోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు, సుంకులు. ఆ పిల్ల నెల తప్పి, వేవిళ్ళతో పుట్టింటికి వచ్చింది. గంజి తాగినా కడుపులో నిలిచేది కాదు.

“ఏం తినబుద్దయితాంది తల్లీ?” అని మద్దమ్మ ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

“తునికిపండు మా. చిన్నప్పుడు కొంగున కట్టుకొని తెస్తాంటివే, ఆ పండు.”

వేవిళ్ళ కోరిక తీర్చకపోతే పుట్టే బిడ్డకు చెవి కారుతుందని మా ప్రాంతంలో ఇప్పటికీ అంటారు. మద్దమ్మకు ఆ భయం ఉంది. భయం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. తునికమ్మ గట్టు కింద పుట్టిన పిల్ల తునికిపండు అడిగితే లేదనడానికి ఆ తల్లికి నోరు రాలేదు. గంప నెత్తిన పెట్టుకొని ఏరు దాటింది.

అప్పటికి పండ్ల కాలం అయిపోయింది. రాలినవన్నీ గుడ్డెలుగులు తినేశాయి. ఎంత వెదికినా గింజలతో నిండిన ఎలుగు పెంట తప్ప ఆమెకేమీ దొరకలేదు. ఒక చెట్టు మొదట్లో కూలబడి ఏడ్చి ఏడ్చి, అలాగే కునుకు తీసింది. కలలో బూడిద పట్టిన చీరతో ఒక ముసలమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

“యాల ఏడుస్తాండావు మే?”

“పండ్లయిపోయినాయమ్మా. ఒక్కటీ దొరకల్యా.”

“అయిపోతే పోనీ. గింజలుండాయి గదా. ఆ పెంట గంపకెత్తుకొని పోయి నా గడప కాడ పొయ్యి.”

“ఎలుగు పెంట నీ గడప కాడనా తల్లీ!”

“నా వాహనం ఎంగిలే నాకు నైవేద్యం. కడిగి తెచ్చినావంటే ముట్టను.”

“మరి నా బిడ్డకు పండు?”

“చేరుతాది. ఎప్పుడని మాత్రం అడగొద్దు.”

మద్దమ్మ గంప నింపుకొని వచ్చేసరికి గుడి ముందు తిక్కయ్య పూజారి అడ్డం నిలబడ్డాడు. “బుద్దుండాదా వదినా? అమ్మోరి ముందర పెంట పోస్తావా?” అన్నాడు. అమ్మే అడిగిందని ఆమె చెప్పింది. అమ్మ మాట పోకూడదు, గుడికి మైల తగలకూడదు అని పెద్దమనుషులు మధ్యేమార్గం కనిపెట్టారు. సగం గింజలు వాళ్ళు తీసుకున్నారు. వాటిని బాగా కడిగి, పసుపు పట్టించి, ఎండబెట్టి, మంచి ముహూర్తాన తప్పెట్లతో తీసుకుపోయి, దున్నిన సాళ్ళలో విత్తారు. మిగిలిన సగం మద్దమ్మ పెంటతో సహా గడప ముందూ వాలు పొడుగునా చల్లింది. ఆమె వెంట తప్పెట్లు లేవు.

తొలకరి దాటింది. సాళ్ళలో ఒక్క మొలకా రాలేదు. మద్దమ్మ చల్లినచోట రాళ్ళ సందుల్లో కూడా మొలకలు లేచాయి. భక్తి తక్కువై కాదు, శుభ్రం ఎక్కువై చెడింది. మరుసటి ఏడు తిక్కయ్యే గంప తెచ్చుకొని ఆమె వాకిట్లో నిలబడి, “పా వదినా, ఏరు దాటుదాం” అన్నాడు.

అయితే ఆ మొలకల వాసన ముందుగా పట్టినవి మద్దమ్మ మేకలే. ఆమె వాటిని తమ్ముడి ఊరికి తోలేసి, కూలికి పోవడం మొదలుపెట్టింది. మేకలు లేని దొడ్డి చూసుకొని ఒక తల్లి ఎంత దిగులుపడి ఉంటుందో మేకలు పెంచినవారికి చెప్పనక్కరలేదు. ఆనాటి నుంచి ఈ గట్టు మీద మేక కాలు పెట్టకూడదు. మేకపోతు మొక్కు కూడా లేదు.

సుంకులుకు ఆడపిల్ల పుట్టింది. చెవి కారింది. కొన్నాళ్ళకు తగ్గిపోయింది కూడా. అయినా ఆ చెవి తుడిచినప్పుడల్లా మద్దమ్మ మనసు కలుక్కుమనేది.

తునికి తొందరపడే చెట్టు కాదు. అది ఎదిగేలోగా కొమ్మల మీద వాలిన పిట్టలు మొర్రి, నేరేడు, పాలపండ్ల గింజలు తెచ్చి రాల్చాయి. పొదలు కమ్ముకున్నాయి, కుందేళ్ళు వచ్చాయి. ఒక వేసవిలో గుడ్డెలుగు ఏరు దాటి తిరిగి వచ్చింది. ఆ వేసవిలోనే గట్టు మీద తొలి పండు పండింది.

మద్దమ్మ అప్పటికి నడుము వంగిన ముసలిది. ఆ ఒక్క పండూ కొంగున కట్టుకొని కూతురి ఊరికి నడిచింది. సుంకులుకు జుట్టు నెరిసింది. చెవి కారిన పిల్లకు పెళ్ళయి పిల్లలు పుట్టారు.

“ఇప్పుడెందుకు మా? నాకే కోరికా లేదే” అంది సుంకులు.

“నాకుండాది. నువ్వు తింటాంటే సూడల్లని” అంది మద్దమ్మ.

సుంకులు తింది. తల్లి ఆమె నోటి వైపే చూస్తూ కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారని మా అవ్వ చెప్పేది. చెప్పేటప్పుడు ఆమె కూడా ఏడ్చేది. ఇది రాస్తున్నప్పుడు నాకూ కళ్ళు చెమర్చాయి, దాచడమెందుకు.

నేటికీ వైశాఖంలో జాతర నాడు తొలి గంప గుడి వెనక బండ మీద గుడ్డెలుగు కోసం పోస్తారు. రెండవది గర్భిణులకు. అమ్మవారిని నమ్మినవారికి సుఖ ప్రసవం కలుగుతుందని, పసిబిడ్డల చెవి బాధలు తగ్గుతాయని పెద్దల మాట. చెవి బాధకు వైద్యుడి దగ్గరకు కూడా వెళ్ళండి, తల్లి ఏమీ అనుకోదు.

ఈ గట్టు మీద ఎవరి పండు వారు తినరు. వెంట వచ్చినవారికి తినిపించి, వారు తింటుంటే చూడటమే ఇక్కడి మొక్కు. మా అమ్మ పోయిన తరువాత కొన్నేళ్ళు నేను జాతరకు రాలేదు, నాకెవరు తినిపిస్తారని. వచ్చిన ఏడు ఎవరో తెలియని ముసలామె పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. కాబట్టి ఒంటరిగా వచ్చామని ఎవరూ వెనకాడవద్దు. గుడి అరుగు మీద అటువంటి తల్లులు ఎప్పుడూ ఉంటారు. వెళ్ళి పక్కన కూర్చోండి, నోరు తెరవండి.