పైడితల్లి టీచరు వంతు

అనకాపల్లిలో బట్టల కొట్టు నడుపుకునే సూరిబాబు చాలా మంచివాడే గాని, నలుగురు తనని మెచ్చుకుంటున్న చోటు నుంచి మాత్రం లేవలేకపోయేవాడు. పెళ్ళికి వెళ్తే భోజనాల బంతిలో కబుర్లు మొదలుపెట్టేవాడు. పక్కవాళ్ళు "నీ మాట భలే ఉంటుందయ్యా" అన్నారంటే ఇక అంతే, చెయ్యి ఎండిపోయినా విస్తరి ముందు నుంచి లేచేవాడు కాదు. వెనక రెండో బంతివాళ్ళు ఆకలితో నిలబడి ఉండేవారు. ఆ గుణం చూసి ఊళ్ళో అందరూ నవ్వుకునేవారు. దానివల్ల ఎవరికీ పెద్ద నష్టం జరగలేదు కాబట్టి అతనూ నవ్వేసేవాడు.

సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులవి. ఒక చలికాలంలో విశాఖపట్నం నుంచి ఢిల్లీ దాకా ఒక పరుగు బయలుదేరింది. నెలనెలా రక్తం ఎక్కించుకుంటే తప్ప బతకలేని పిల్లలు కొందరుంటారు. వాళ్ళ కోసం దారిలో ఊరూరా జనం చేత రక్తం ఇప్పించాలని ఆ పరుగు. ఎర్రటి చుక్క ఉన్న తెల్ల జెండా ఒకటి పట్టుకుని ఒకరు కొంత దూరం పరిగెత్తేవారు. అక్కడ ముందే వచ్చి నిలబడిన మరొకరి చేతికి దాన్ని అందించేవారు. సూరిబాబుతో కలిపి జట్టంతా ఎనిమిది మంది, ఒక వ్యాను. ఆ వ్యానునీ, జట్టునీ నడిపేవాడు రిటైరైన హవల్దారు గవర్రాజు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే.

"పగటిపూట జెండా ఆగకూడదు. అందుకోవాల్సినవాడు రాకపోతే తెచ్చినవాడే ముందుకి పోవాలి. అందుచేత ఎవడూ రాకుండా ఉండొద్దు" అని ఆయన మొదటి రోజే చెప్పాడు.

ఆ జట్టులో పైడితల్లి టీచరు అనే ఆవిడ ఉండేది. విజయనగరం దగ్గర ఒక హైస్కూల్లో ఆటలు నేర్పేది. వయసు యాభైకి దగ్గర. చిన్నప్పుడు పరుగులో జిల్లా అంతటికీ మొదటి పిల్ల. ఢిల్లీలో జరిగే పోటీలకి ఎంపికైంది కూడా. "ఆడపిల్ల, అంత దూరం, అందులోనూ చలికాలం" అని వాళ్ళ నాన్న పంపలేదు. ఆవిడ ఆ మాట అందరికీ నవ్వుతూనే చెప్పేది గాని, చెప్పిన ప్రతిసారీ చివర్లో "ఢిల్లీ ఎలా ఉంటుందో" అనేది. అందుకే ఢిల్లీలోకి జెండా పట్టుకుని అడుగుపెట్టే ఆఖరి వంతు ఆవిడకే ఇవ్వాలని జట్టంతా అనుకున్నారు. అయితే ఆవిడ మోకాలికి అంతకుముందు ఏడాది ఆపరేషను అయింది. రోజుకి ఒక్క వంతు పరిగెత్తవచ్చు, అంతకు మించి వద్దే వద్దని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఆవిడ ఆ మోకాలిని పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకునేది. రోజూ పరుగు అయ్యాక వేడినీళ్ళ కాపడం పెట్టుకుని, ఉన్ని గుడ్డ చుట్టుకుని, వ్యానులో కాలు చాపుకుని కూర్చునేది.

రాయ్‌పూర్ దాటే దాకా ప్రయాణం సరదాగానే సాగింది. ఆ పైన చలి ముదిరింది. ధర్మశాలల్లో నేల మీద పడుకునేవారు. తడిసిన మేజోళ్ళు వ్యాను ఇంజను మూత మీద ఆరబెట్టుకునేవారు. మంకీ టోపీల్లో ఎవరు ఎవరో తెలిసేది కాదు. రోజూ రొట్టెలు తిని తిని అందరి ప్రాణం అన్నం కోసం కొట్టుకుంటుండేది. అందరికంటే ఎక్కువ దిగులు పడినవాడు సూరిబాబు. అతని దిగులు అన్నం కోసం కాదు. అతనికి హిందీ రాదు. ఊరూరా మైకులు పెట్టి దండలు వేస్తున్నారే గాని, ఇతను నోరు విప్పితే వినేవాళ్ళు లేరు. నెల రోజులు జనం ముందు మాట్లాడకుండా ఉండటం అతనికి ఉపవాసం కన్నా కష్టమైంది.

గ్వాలియర్ దాటాక ఒక ఊళ్ళో తెలుగువాళ్ళు ఎదురొచ్చారు. ఉద్యోగాల మీద అక్కడికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. వాళ్ళ పెద్ద కామేశ్వర్రావు గారు గవర్రాజు చేతులు పట్టుకున్నాడు.

"మీలో ఒక్కరైనా మా సంఘానికి రావాలండీ. పొద్దున్నే మావాళ్ళంతా రక్తం కూడా ఇచ్చారు. ఓ శాలువా కప్పి, పట్టెడన్నం పెట్టి పంపిస్తాం."

"జెండా టీచరమ్మ చేతిలో ఉంది. ఊరవతల పెట్రోలు బంకు దగ్గర దాన్ని సూరిబాబు అందుకోవాలి. మిగతావాళ్ళని ముందు దించాలి, నేను ఆగలేను" అన్నాడు గవర్రాజు.

"నేను వెళ్ళొస్తాను హవల్దారు గారూ! పది నిమిషాలు. వీళ్ళ కారులో బంకు దగ్గర దిగిపోతాను" అన్నాడు సూరిబాబు. మొహం అప్పటికే వెలిగిపోతోంది.

గవర్రాజు అతని వంక అనుమానంగా చూశాడు. "మంచు పడుతోంది. టీచరమ్మ కాలు సంగతి నీకు తెలుసు."

"తెలుసండీ. నాకు చెప్పాలా?"

వ్యాను వెళ్ళిపోయింది. సంఘం హాల్లో వేడి అన్నం, ముద్దపప్పు, ఆవకాయ పెట్టారు. జరీ శాలువా కప్పారు. చేతికి మైకు ఇచ్చారు. సూరిబాబు దారిలో కష్టాలన్నీ చెప్పాడు. మంకీ టోపీ పెట్టుకున్న గవర్రాజుని దొంగ అనుకుని ఒక ఊరి కుక్కలు తరిమిన సంగతి చెబితే హాలంతా విరగబడి నవ్వింది. కామేశ్వర్రావు గారు వాచీ చూసుకుని, "బయల్దేరదామాండీ?" అన్నాడు. అంతలో ముందు వరుసలో ఒక పెద్దావిడ, "ఇంకొక్కటి చెప్పు నాయనా. మన మాట విని ఎన్నాళ్ళయిందో" అంది.

సూరిబాబుకి టైము గుర్తుంది. అది మరిచిపోయాడని నేను చెప్పను. 'నేను మాట్లాడితే ఇంకో నలుగురు రక్తం ఇస్తారు, ఇదీ జెండా పనే' అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. ఇచ్చేవాళ్ళందరూ పొద్దున్నే ఇచ్చేసి, ఎదురుగా అరటిపళ్ళు తింటూ కూర్చున్నారు. ఆ సంగతీ అతనికి కనిపిస్తూనే ఉంది. ఇంకో మాట కూడా అనుకున్నాడు. 'టీచరక్క కదా, కాసేపు చూస్తుంది. ఆవిడ ఏమీ అనదు' అని. ఇంకొక్కటి చెప్పాడు. ఆ తర్వాత మరొకటి.

పైడితల్లి టీచరు తన వంతు పూర్తి చేసి బంకు దగ్గరికి వచ్చింది. అక్కడ ఎవరూ లేరు. జెండా ఆగకుండా బంకు ముందు అటూ ఇటూ నెమ్మదిగా పరిగెత్తింది. ఒంటి మీది చెమట చల్లబడి వణుకు మొదలైంది. రోడ్డు వైపు ఎన్నిసార్లు చూసినా మంచు తప్ప ఏమీ కనిపించలేదు. సూరిబాబుకి ఏమైనా అయిందేమోనని ముందు భయపడింది. తర్వాత నియమం గుర్తొచ్చింది. ఆపేసి కూర్చుంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదేమో. కానీ ఇన్ని వందల మైళ్ళు ఒక్క చోటా ఆగని జెండా తన చేతిలో ఆగిపోవడం ఆవిడకి ఇష్టం లేకపోయింది. సూరిబాబు వంతు కూడా తనే మొదలుపెట్టింది.

సూరిబాబు కారులో బంకు దగ్గరికి వచ్చేసరికి, ఆవిడ వెళ్ళి చాలాసేపయిందని అక్కడివాళ్ళు చెప్పారు. మంచులో కారు నత్తలా నడిచింది. కొంత దూరం పోయాక ఒక కల్వర్టు గోడ మీద పైడితల్లి టీచరు కూర్చుని ఉంది. కాలు నేల మీద ఆనడం లేదు. అలా కూర్చునే, జెండా ఆగకుండా చేత్తో అటూ ఇటూ ఊపుతోంది.

"వచ్చీసేవా?" అంది పళ్ళు కొట్టుకుంటుంటే. "నీకేటయిందో అనుకున్నాను."

"అక్కా, అక్కడ తెలుగువాళ్ళు..."

ఆవిడ అతని భుజం మీది శాలువా చూసింది.

"ముందు జెండా అందుకో. పరిగెట్టు."

సూరిబాబు శాలువా తీసి ఆవిడకి కప్పాడు. ఆ పల్చటి జరీ గుడ్డ చలికి ఏమీ పనికిరాలేదు. జెండా తీసుకుని పరిగెత్తాడు. కారు ఆవిడని ఆసుపత్రికి తీసుకువెళ్ళింది.

మోకాలు పాడైంది. ఇక ఈ జన్మలో పరిగెత్తడం అనే మాటే ఎత్తవద్దని డాక్టరు చెప్పాడు. వ్యానులో కూర్చుని ఢిల్లీ దాకా రమ్మని అందరూ బతిమాలారు. పైడితల్లి టీచరు ఒప్పుకోలేదు. "బండిలో కూచుని ఎల్లడానికయితే ఎప్పుడో ఎల్లీదాన్ని కదా" అంది. ఆగ్రాలో రైలు ఎక్కించారు. సూరిబాబు కిటికీ పక్కన నిలబడి ఏడ్చేశాడు.

"నన్ను తిట్టక్కా. నాలుగు చీవాట్లు పెట్టు."

"కోపం లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? ఉంది సూరిబాబూ" అంది ఆవిడ. "రైల్లో చానాసేపు కూచోవాలి కదా. కొంత తగ్గుతాదేమో."

ఢిల్లీలో ఆఖరి వంతు ఎవరిదన్న మాట వచ్చినప్పుడు దాన్ని తీసుకోవడానికి జట్టులో ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి గవర్రాజు తనే జెండా పట్టుకుని పరిగెత్తాడు. దండలు వేసేచోట సూరిబాబు వ్యాను దిగలేదు.

తర్వాత ఏళ్ళు గడిచాయి. సూరిబాబు ప్రతి చలికాలం పైడితల్లి టీచరుని చూడటానికి వెళ్ళేవాడు. ఆవిడ గ్రౌండులో కుర్చీ వేసుకుని, ఈల ఊదుతూ పిల్లల్ని పరిగెత్తించేది. అతను కనిపిస్తే సంతోషంగానే పలకరించేది. కాఫీ ఇచ్చేది. కొట్టు సంగతి, పిల్లల చదువుల సంగతి అడిగేది. ఆ దారిలో తిన్న రొట్టెల గురించీ, గవర్రాజు కోపాల గురించీ చెప్పుకుని నవ్వేది. కానీ ఢిల్లీ ఎలా ఉంటుందని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగితే బాగుండునని సూరిబాబు ప్రతిసారీ ఎదురుచూసి తిరిగి వచ్చేవాడు.

నీతి: ఏమీ అనరు కదా అని ఓర్పు గలవాళ్ళని నిలబెట్టి, మన ముచ్చట తీర్చుకోకూడదు. వాళ్ళు క్షమించినా, మన ఆలస్యంలో పోయింది వాళ్ళకి తిరిగి రాదు.