పొద్దు చెప్పిన దాలమ్మ

ఎప్పటి మాటో తెలీదు. నాకు చెప్పినవాళ్ళకూ తెలీదు, వాళ్ళకు చెప్పినవాళ్ళకూ తెలీదు. అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో చింతగింజల జిగురు కాచుకుని బతికే దాలమ్మ అనే ఆడమనిషి ఉండేదట. గింజలు వేయించడం, పొట్టు తీయడం, రుబ్బడం, కాచడం. ఆమెకు తెలిసిన పని అదే. ఆమె గోడకు అంటించిన బొమ్మల గుడ్డ ఊడింది లేదు.

ఆ దేశపు రాజుగారి తల్లి పుట్టిల్లు కొండమీద పెద్ద రాతిమేడ. ఆమె చిన్నపిల్లగా ఉండగా భూమి కదిలి ఆ మేడ గోడలు నిలువునా బీటలు వారాయి. చూస్తుండగానే కూలిపోయాయి. ఇప్పుడామె ముసలిదయింది. మంచం దిగలేదు. "ఒక్కసారి మా ఇంటి ముంగిట్లో కూర్చోవాలిరా" అని కొడుకును పట్టుకుని ఒకటే అడగడం.

రాజు ఏం చేశాడంటే, మూలలు లేని ఒక గుండ్రటి శాల కట్టించాడు. నడుమ కుమ్మరి సారెలాగా తిరిగే పీట పెట్టించాడు. పెద్ద చిత్రకారుడు కామోజును పిలిపించాడు. రాజమాత చెబుతూ ఉంటే కామోజు ఆ మేడను పన్నెండు గుడ్డలమీద గీశాడు. పన్నెండుమంది చిత్రకారులు తలా ఒక గుడ్డ ఇంటికి పట్టుకెళ్ళి రంగులు వేశారు. దాలమ్మ ఆ గుడ్డలన్నీ శాల గోడకు అంచుకు అంచు చేర్చి అంటించింది. స్తంభానికి స్తంభం కలిసింది. మెట్టుకు మెట్టు కలిసింది.

రాజమాతను తెచ్చి పీటమీద కూర్చోబెట్టారు. పీట మెల్లగా తిరిగింది. ఆమె ముఖం విప్పారింది. అంతలోనే కెవ్వున కేకవేసింది.

"గోడ పగిలింది! మళ్ళీ పగిలిందిరా నాయనా! నన్ను బయటికి తీసుకుపోండి!"

గుడ్డకూ గుడ్డకూ నడుమ నిలువునా ఒక గీత. ఇటు తెల్లగా, అటు మసగ్గా. ఒకటి కాదు, చుట్టూ పన్నెండు గీతలు. అచ్చం బీటల్లాగే ఉన్నాయి.

రాజు కళ్ళెర్రజేశాడు. "అతికించింది ఎవరు?"

అందరూ దాలమ్మ వైపు చూశారు.

"మూడు రోజుల గడువు. మూడోనాటి సాయంత్రం అమ్మను మళ్ళీ తీసుకొస్తాను. ఆ బీటలు కనబడ్డాయంటే, అతికించిన చేతులు ఇక ఉండవు."

దాలమ్మ తన చేతులు చూసుకుంది.

మొదటి రోజు అంచులన్నీ తడిపి ఊడదీసి మళ్ళీ అంటించింది. గీత పోలేదు. కళ్ళు మూసుకుని వేలితో అడ్డంగా రాసి చూసింది. వేలికి ఏమీ తగల్లేదు. కళ్ళు తెరిచింది. గీత అక్కడే ఉంది. పరుగెత్తుకుంటూ కామోజు దగ్గరికి పోయింది.

"ఆచారిగారూ, ఇది అతుకు గీత కాదండీ. అతుకైతే వేలికి తగలాలి కదా. ఇది వెలుగు గీత."

"జిగురు కాచేదానివి, నువ్వా నాకు వెలుగు సంగతి చెప్పేది?" అని కామోజు కసిరాడు. కానీ ఆయనకూ లోపల బెదురుగానే ఉంది. చిత్రకారులను పిలిచి గీతలమీద రంగు పూయించాడు. పూసిన రంగుకు ఇటొక అంచు, అటొక అంచు తేలి ఒక్కో గీత రెండు గీతలైంది.

దాలమ్మ తన చేతులు చూసుకుంది. అన్నం సయించలేదు.

రెండో రోజు కామోజే ఇంకో ఉపాయం చెప్పాడు. "మొదటి గుడ్డ వెలుగుకు రెండోదాన్ని సరిచేద్దాం. రెండోదానికి మూడోదాన్ని. అలా చుట్టూ పోదాం." పోయారు. ఒక్కో గీతా మాయమవుతూ వచ్చింది. దాలమ్మకు ప్రాణం లేచి వచ్చింది. తీరా పన్నెండో గుడ్డ వచ్చి మొదటిదాన్ని కలిసేచోట చూస్తే, ఇటు కటిక చీకటి, అటు పట్టపగలు! ప్రతిచోటా దాచిన తేడా అంతా పోగై ఆ ఒక్కచోటికి వచ్చి కూర్చుంది. పన్నెండు బీటల బదులు ఒకే బీట. మనిషి దూరిపోయేంత బీట.

దాలమ్మ తన చేతులు చూసుకుంది. అవి వణుకుతున్నాయి.

మూడో రోజు తెల్లారగానే ఆమె ఎవరినీ అడక్కుండా పోయి ఆ తిరిగే పీటమీద కూర్చుంది. కామోజు చూసి, "ఏమే, నీకు మతి పోయిందా?" అన్నాడు. ఆమె పీటతోపాటు ఒక చుట్టు తిరిగింది. ఒక స్తంభం నీడ కుడివైపు పడింది. ఒకదాని నీడ ఎడమవైపు. ఇంకోదానికి నీడే లేదు.

"ఆచారిగారూ, మీవాళ్ళు ఈ గుడ్డలు ఎక్కడ వేశారు?"

"ఎవరి అరుగుమీద వాళ్ళు."

"ఏ పూట?"

"ఎవరికి వీలైన పూట వాళ్ళు." ఆ మాట అంటూనే కామోజు ఆగిపోయాడు. "అయ్యో! ఒక్క ఇంటికి పన్నెండు పొద్దులు పెట్టాం."

దాలమ్మ లేచి రాజమాత మంచం దగ్గరికి పోయింది. "తల్లీ, మీ ఇల్లు తలుచుకుంటే మీకు ఏ పూట కనబడుతుంది?"

ముసలామె కళ్ళు మూసుకుంది. "పాలు పితికే వేళ. పొద్దు తూర్పు మెట్లమీదికి వచ్చేది. వంటింటి పక్క ఇంకా నీడగానే ఉండేది."

అంతే. దాలమ్మ శాలకు వచ్చి నడుమ నిలబడింది. జిగురును నీళ్ళలా పలుచన చేసి, రెండు కుండల్లో పోసి, ఒకదాంట్లో పసుపు రంగు, ఇంకోదాంట్లో నీలం రంగు కలిపింది.

"గీతను ముట్టుకోకండి బాబూ. తప్పుగా పడ్డ నీడలు తుడిచి గుడ్డంతా పూయండి. తూర్పు మెట్లమీద పసుపు. అక్కడినుంచి రెండు వైపులా పసుపు తగ్గిస్తూ, నీలం పెంచుకుంటూ రండి. వంటింటి గోడ దగ్గర రెండు వైపుల నీలాలూ కలవాలి."

"చెదిరితే వేసిన బొమ్మంతా పోతుంది" అన్నాడు కామోజు.

"పూయకపోతే నా చేతులు పోతాయి" అంది దాలమ్మ.

కామోజు తనే మొదటి కుంచె ముంచాడు.

అందరూ ఆమెకు వీపు పెట్టి గోడవైపు తిరిగి పని మొదలుపెట్టారు. ఒకరికి అనుమానం వస్తే, తల తిప్పకుండానే కేకవేసేవారు. "దాలమ్మా, పొద్దెక్కడ?" "నీకు కుడిపక్కన, మూడు గుడ్డల అవతల!" ఇంకొకరు. "దాలమ్మా, పొద్దెక్కడ?" "నీ వెనకాల. నీలం పెంచు!" రోజంతా అదే కేక, అదే జవాబు. గొంతు పోయింది. అయినా ఆమె నడుమనుంచి కదల్లేదు.

పూత పూర్తయింది. కానీ తడి ఆరలేదు. తడి ఉన్నచోట నల్లగా, ఆరినచోట తెల్లగా గోడంతా మచ్చలు మచ్చలుగా ఉంది. బయట బోయీల కేకలు వినబడ్డాయి. పల్లకి వచ్చేస్తోంది. దాలమ్మ చేట అందుకుని విసరసాగింది. కామోజు పైపంచె తీసి విసరసాగాడు. అందరూ విసిరారు. మచ్చలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. వంటింటి గోడ దగ్గర, పన్నెండో గుడ్డ మొదటిదాన్ని కలిసేచోట, చెయ్యంత తడి మిగిలిపోయింది.

తలుపు తెరుచుకుంది.

రాజమాత పీటమీద కూర్చుంది. పీట ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. మూడో చుట్టులో ఆమె చెయ్యెత్తి ఆపమంది. సరిగ్గా వంటింటి గోడ ఎదురుగా. దాలమ్మ తడి ఆరిందో లేదో చూసే ధైర్యం లేక కళ్ళు మూసుకుంది.

"ఈ నీడలోనే" అంది రాజమాత, "ఈ నీడలోనే నేను దాక్కునేదాన్ని. మా అమ్మ నాకోసం ఇల్లంతా వెతికేది."

అని చిన్నపిల్లలా నవ్వింది. రాజు తల్లి కాళ్ళదగ్గర కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి, దాలమ్మ ముందుకు వచ్చి, "తప్పు నాది" అన్నాడు.

దాలమ్మ అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. మళ్ళీ జిగురు కాచింది, ఎన్నో గుడ్డలు అంటించింది, చిత్రకారులు కలిసి బొమ్మ వేసినప్పుడల్లా నడుమ నిలబడి పొద్దు చెప్పింది. ఒక్క చేతుల వణుకు మాత్రం పోలేదట.

ఆమె పోయిన మర్నాడు ఏదో మండపానికి రంగులు వేయాల్సి వచ్చింది. పన్నెండుమందీ కుంచెలు పట్టుకున్నారు గానీ ఎవరికీ చెయ్యి ఆడలేదు. అప్పుడు కామోజు, అంత పెద్ద చిత్రకారుడు, తన కుంచె కిందపెట్టి పోయి నడుమ నిలబడ్డాడు. "అడగండిరా" అన్నాడు.

ఇప్పటికీ ఆ వైపు నలుగురు కలిసి ఒక బొమ్మ వేస్తుంటే, ఒకరు పోయి నడుమ నిలబడతారు. మగవాడు కానీ, ఆడది కానీ, ఎంత పనిమంతుడు కానీ, అక్కడ నిలబడ్డంతసేపూ వాళ్ళ పేరు దాలమ్మే. మిగతావాళ్ళు గోడవైపు తిరిగి, రంగులో కుంచె ముంచబోయే ముందు అడుగుతారు.

"దాలమ్మా, పొద్దెక్కడ?"

జవాబు వినబడేదాకా ఒక్క చుక్క రంగు కూడా గోడకు తాకనివ్వరు.