గవ్వలరేవు తెల్లపిట్ట

అనగా అనగా ఎండలు మండే దేశంలో ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఏడు సముద్రాల అవతలి లోకం చూసొస్తానని వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు అన్నను వెతకడానికి వెళ్ళాడు, వాడూ రాలేదు. మూడోవాడు మణిధరుడు. రాజు వద్దన్నాడు, రాణి ఏడ్చింది. అయినా ఓడెక్కాడు.

ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఆరు దాటాడు. ఏడో సముద్రం గడ్డకట్టి ఉంది! దిగి నడిచాడు. దారిలో ఒక తెల్లనక్క తోక మంచులో ఇరుక్కుని మూలుగుతోంది. పాపం అనిపించి విడిపించాడు. నక్క అతని వెంటే వచ్చింది.

ఒడ్డున గవ్వలరేవు అనే చిన్న ఊరుంది. ఇళ్ళ కప్పుల మీద మంచు, బోర్లించిన పడవల మీద మంచు. దండేల మీద ఎండేసిన చేపలు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఆ ఊరివాళ్ళు పొద్దున్నే పక్కింటి వాకిట్లో కూడా మంచు ఎత్తిపోస్తారు. తాము తినేముందు గోడ మీద పిట్టలకు ఒక చేపముక్క పెడతారు. పెట్టకుండా తిన్న ఇల్లు ఆ ఊళ్ళో లేదు.

రేవులో రెండు మంచుబొమ్మలున్నాయి. మణిధరుడు వాటి మొహాలు చూశాడు. అన్నలు!

అక్కడే పగడాలి అనే జాలరి పిల్ల నిలబడి ఏడుస్తోంది.

"ఇదంతా శీతలాక్షుడనే మాంత్రికుడి పని బాబూ. వేటకెళ్ళిన మా నాన్న పడవ చుట్టూ మంచుగోడ కట్టాడు. నేను వాడిని పెళ్ళాడితేనే తీస్తాడట. వీళ్ళిద్దరూ కత్తులు దూసి వాడి మీదికెళ్ళి ఇలా అయిపోయారు. నిన్న నాన్న కేకలు గట్టిగా వినబడ్డాయి. ఇవాళ సన్నగా వినబడుతున్నాయి" అంది.

అప్పుడు నక్క నోరు విప్పింది. "కత్తికి వాడు చావడు. ప్రాణం చిలుకలో దాచుకుందామనుకున్నాడు గానీ, ఈ చలికి చిలుక బతుకుతుందా? అందుకని తెల్లపిట్ట గొంతులో మంచుబిందువు చేసి దాచాడు. కుంటికాలి పిట్ట. రోజూ ఈ పిల్ల ఇంటి గోడ మీదే వాలుతుంది."

పగడాలి కూలబడింది. "అయ్యో! ఇన్నాళ్ళూ వాడి ప్రాణాన్ని నేనే మేపానా!"

పరుగున ఇంటికెళ్ళారు. పిట్ట గోడ మీదే ఉంది. మణిధరుడు రాయి ఎత్తాడు. అంతే, పిట్ట కీచుమంది. సముద్రం మీదినుంచి మాంత్రికుడు బయల్దేరాడు. వాడు ఒక అడుగు వేశాడు, మణిధరుడికి మోకాళ్ళదాకా మంచు పట్టింది.

"కొట్టకండి! మా వాకిట తిన్న పిట్ట అది" అంది పగడాలి.

"మీ నాన్న మాటేమిటి?"

పగడాలి ఇంట్లోకి చూసింది. "బిందువు కరిగితే చాలుగా? పొయ్యి మీద జావ ఉంది."

మాంత్రికుడు రెండో అడుగు వేశాడు. నడుందాకా మంచు. ఇంకా చేయి ఆడుతోంది, గురి కుదిరింది. కొడితే తను బతుకుతాడు. మణిధరుడు ఆ పిల్ల మొహం చూశాడు. రాయి వదిలేశాడు.

పగడాలి వేడి జావ దోసిట్లో పట్టి పిలిచింది. చేతులు బొబ్బలెక్కుతున్నా తీయలేదు. పిట్ట అటు చూసింది, ఇటు చూసింది. మూడో అడుగు పడింది. గొంతుదాకా మంచు!

అలవాటైన చెయ్యి కదా, పిట్ట వచ్చి వాలింది. ఒక గుక్క తాగింది, రెండు గుక్కలు తాగింది, మూడో గుక్కకు బిందువు కరిగిపోయింది. మాంత్రికుడు నిలబడ్డచోటే నీళ్ళైపోయాడు. పిట్ట రెక్కలు దులుపుకుని ఎగిరిపోయింది.

మణిధరుడి ఒంటి మీది మంచు కరిగింది. సముద్రం మీద మంచు విరిగింది, అలలు లేచాయి. అన్నలిద్దరూ తుమ్ముకుంటూ కళ్ళు తెరిచారు. పగడాలి ఒడ్డుకు పరుగెత్తి "నాన్నా!" అని పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. లేదు. మూడోసారి నీళ్ళలోకి దిగి పిలిచింది.

"వస్తున్నానే తల్లీ!" అని వినబడింది సముద్రంలోంచి.

అన్నలు తమ దేశం చేరి తల్లిదండ్రుల కళ్ళనీళ్ళు తుడిచారు. మణిధరుడు పగడాలిని పెళ్ళాడి, ఊరివాళ్ళ కోరిక మీద గవ్వలరేవుకు రాజయ్యాడు. చలికి పళ్ళు టకటకలాడిస్తూనే చాలా ఏళ్ళు పాలించాడు. వాళ్ళ పిల్లలకు మాత్రం ఆ చలి ఒక లెక్కే కాదట. ఇక పడుకోండి, దుప్పట్లు లాక్కోకండి!