ప్లగ్గు పీకే పైడిరాజు

విశాఖపట్నం ఆటోనగర్‌లో పైడిరాజు అనే ఇంజనీరు ఉండేవాడు. పనిలో దిట్టే గానీ, దేన్నైనా ఆపాలంటే ప్లగ్గు పీకెయ్యడం ఒక్కటే అతనికి తెలుసు. ఫ్యానైనా అంతే, మిక్సీ అయినా అంతే.

"మరి స్విచ్చు ఎందుకున్నట్టు?" అని తోటి ఇంజనీరు హైమవతి ఏడిపించేది.

"పీకితే చచ్చినట్టు ఆగుతుంది!" అని నవ్వేసేవాడు.

ఆ ఏడాది అతను కొండ ఊళ్ల ఆసుపత్రుల కోసం సోలారు బ్యాటరీతో నడిచే టీకాల ఫ్రిజ్ తయారుచేశాడు. దానికి కరెంటు అందించేది గోరంత పవర్ చిప్. బ్యాటరీ బాగా తగ్గితే ఫ్రిజ్ తనంతట తానే ఆగాలి, నిండగానే మళ్లీ నడవాలి. ఆగినంతసేపూ లోపలి ఐసు టీకాలను కాపాడుతుంది. ఆపడానికి పైడిరాజు తన పద్ధతే పెట్టాడు: మెయిన్ కరెంటునే తెంచేసే పెద్ద రిలే.

పరీక్ష చూడటానికి పాడేరు కొండల నుంచి నర్సు సావిత్రమ్మ వచ్చింది. రిలే ఠప్పుమంది. ఒక్కసారిగా తెగిన కరెంటు పోటుకు చిప్ మాడిపోయింది. దాని బదులు పెట్టిన రెండో చిప్ కూడా అంతే. ఇక మిగిలింది ఒక్కటే.

"బాబూ, ఇది కూడా పోతే నాను ఉత్త సేతుల్తో ఎల్లాల. పోయిన ఎండాకాలం టీకాలన్నీ పాడైపోనాయి. పిల్లల తల్లులకి ఏటి సెప్పను?" అంది సావిత్రమ్మ.

పైడిరాజుకు తల కొట్టేసినట్టయింది.

"చిప్‌కున్న ఎనేబుల్ పిన్ను ఎక్కడ కలిపావు?" అడిగింది పక్కనే చూస్తున్న హైమవతి.

"బ్యాటరీకే. చిప్ ఎప్పుడూ మేలుకుని ఉండాలి కదా అని..."

మాట పూర్తి కాకముందే అతనికి తట్టింది. చిప్‌ను నిద్రపుచ్చడానికీ, లేపడానికీ ఉన్నదే ఆ పిన్ను! దాన్ని కదలనివ్వకుండా కట్టేసి, తానేమో చిప్ పీక పిసుకుతున్నాడు.

వెంటనే రిలే ఊడదీశాడు. పిన్నుకు వెళ్లే పాత దారిని బ్లేడుతో కోశాడు. బ్యాటరీ ఎంతుందో కనిపెట్టే చిన్న సర్క్యూట్ నుంచి సన్న తీగ లాగి దానికి అతికించాడు. మెయిన్ కరెంటు జోలికే పోలేదు.

మిగిలిన చిప్ పెట్టి బ్యాటరీ తగ్గించాడు. చప్పుడు లేదు, పొగ లేదు. చిప్ బుద్ధిగా పడుకుంది. బ్యాటరీ పెంచగానే ఫ్రిజ్ గుర్రుమంటూ లేచింది. మళ్లీ మళ్లీ చేశాడు. చిప్ చెక్కుచెదరలేదు.

"గెలిసీసినావు బాబూ!" అని సావిత్రమ్మ చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రమే ఫ్రిజ్ జీపెక్కి కొండకు బయల్దేరింది. పైడిరాజు ఆనందం పట్టలేక వీధి చివరిదాకా జీపు వెంట పరుగెత్తాడు.

నీతి: మళ్లీ నడిచేలా ఆపగలిగినవాడే నేర్పరి, బలంకొద్దీ పీకేవాడికి మిగిలేది బూడిదే.