ఎస్తేరమ్మ ఏనుగు పొడుగు ప్రార్థన

అనగనగా ఒక అడవిలో, వానలు రెండేళ్లపాటు మొహం చాటేసిన కాలంలో, ఒక ఏనుగుల మంద ఉండేది. ఆ మందకు పెద్ద ఎస్తేరమ్మ. నీళ్లు ఎక్కడున్నాయో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఎండిపోయిన ఏటిలో నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగేది. తొండంతో ఇసుక వాసన చూసేది. "ఇక్కడ తవ్వండి" అనేది. మోకాలి లోతు తవ్వేసరికి చెలమలో నీళ్లు ఊరేవి.

ఎస్తేరమ్మ భక్తిపరురాలు. అందులో అనుమానం ఏమీ లేదు. నీళ్లిచ్చిన దేవుడికి వందనాలు చెప్పకుండా ఎవరూ గుక్కెడు కూడా తాగకూడదని కట్టడి పెట్టింది ఆమే. మంచి కట్టడే. మొదట్లో ఆ ప్రార్థన రెండు ముక్కల్లో అయిపోయేది. "తండ్రీ, నీళ్లిచ్చావు, వందనాలు, ఆమేన్" అని పక్కకు జరిగేది.

కానీ పిల్లలూ, పొగడ్త ఉంది చూశారూ, అది ఏనుగు చెవిలో దూరిన చీమలాంటిది. చిన్నదే గాని కుదురుగా ఉండనివ్వదు. మందలో అందరికన్నా ముసలాయన యాకోబు తాత. ఆయన ఒకరోజు, "నువ్వు ప్రార్థన చేస్తుంటే నా కళ్ల నీళ్లు ఆగవు ఎస్తేరమ్మా" అన్నాడు. ఆ మాట ఆమెకు తేనె తాగినట్టు ఉంది. మర్నాడు ప్రార్థన కాస్త పెరిగింది. ఆ మర్నాడు ఇంకాస్త. పోనుపోను కొండలకూ, పక్షులకూ, పక్క అడవిలో ఏనుగులకూ పేరుపేరునా దీవెనలు అడిగితే గాని ఆమేన్ వచ్చేది కాదు. ఒకరిద్దరు నిలబడే కునుకు తీసేవాళ్లు. ఎవరూ నోరెత్తలేదు. దేవుడితో మాట్లాడుతున్న పెద్దమ్మను ఆపేదెవరు?

ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం. అప్పటికి రెండు రోజులుగా మందకు చుక్క నీరు లేదు. కరుణమ్మ అనే తల్లి ఏనుగుకు ఒక్కతే కూతురు, సలోమి. ఇంకా ఏడాది నిండలేదు. తల్లికి పాలు ఎండిపోయాయి. సలోమి తూలుతూ తూలుతూ నడిచింది. ఎస్తేరమ్మే దాన్ని నుదుటితో మెల్లగా నెడుతూ, "ఇంకొంచెం దూరం తల్లీ, కడుపునిండా తాగుదువు గాని" అని బుజ్జగిస్తూ ఏటి వంపు దాకా తెచ్చింది. అన్నట్టే అక్కడ చెలమ తవ్వింది. నీళ్లు ఊరాయి. తేటగా, చల్లగా ఉన్నాయి.

"అందరూ తలలు వంచండి" అంది ఎస్తేరమ్మ.

ప్రార్థన మొదలైంది. సలోమి తొండం చెలమలోకి చాచింది. ఎస్తేరమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. కరుణమ్మ సిగ్గుపడి కూతురి తొండాన్ని వెనక్కి లాగింది. కట్టడి కట్టడే కదా.

ప్రార్థన కొండలు దాటింది. "అక్కా, పిల్ల కాళ్లు వణుకుతున్నాయి" అంది కరుణమ్మ మెల్లగా. ఎస్తేరమ్మకు ఆ మాట వినబడింది. బాగానే వినబడింది. ఆపేద్దామా అనుకుంది కూడా. కానీ ఆవేళ మాటలు ఎన్నడూ లేనంత చక్కగా వస్తున్నాయి. యాకోబు తాత కళ్లు అప్పటికే చెమర్చాయి. ఇంత మంచి ప్రార్థనను మధ్యలో తెంపితే దేవుడికి ఎలా ఉంటుంది అని తనకు తానే సర్దిచెప్పుకుని, గొంతు ఇంకా పెంచింది.

ప్రార్థన పక్షుల దగ్గరికి వచ్చింది. "అక్కా" అంది కరుణమ్మ మళ్లీ. ఈసారి ఇంకేమీ అనలేదు.

ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి సలోమి చెలమ పక్కన ఇసుకలో పడి ఉంది. కరుణమ్మ తొండం నిండా నీళ్లు తీసి కూతురి నోట్లో పోసింది. అవి ఇటు పోస్తే అటు కారిపోయాయి. మళ్లీ పోసింది. మూడోసారి పోసి, ఇక పొయ్యలేదు.

మంద అంతా చుట్టూ చేరింది. దాహం సంగతి ఎవరికీ గుర్తు లేదు. యాకోబు తాత ఎస్తేరమ్మ దగ్గరికి వచ్చాడు. "ఏడవకమ్మా. అంతా దేవుడి చిత్తం. ఆ బిడ్డ మీద ఆయనకు మనసైంది, పిలుచుకున్నాడు. మన చేతుల్లో ఏముంది?" అన్నాడు. మిగతా ఏనుగులు తలలూపాయి.

ఆ మాట పట్టుకుని బతికిపోవాలని ఎస్తేరమ్మకు ఎంత ఆశ పుట్టిందో. అది నిజమని ఒప్పుకుంటే చాలు. రేపు మళ్లీ మందకు ముందు నడవొచ్చు. అందరి ఎదుటా మళ్లీ కళ్లు మూసుకోవచ్చు. ఎవరూ పల్లెత్తు మాట అనరు. కరుణమ్మ మాత్రం కూతురి చెవి మీద ఇసుక దులుపుతోంది. అది చూసి ఎస్తేరమ్మ తల అడ్డంగా ఊపింది.

"కాదు తాతా" అంది. "దేవుడి మీద పెట్టకండి. ఆయన నీళ్లిచ్చాడు. నేనే తాగనివ్వలేదు."

తర్వాత కరుణమ్మ వైపు తిరిగింది.

"కరుణా, నువ్వు పిలిచినప్పుడు నాకు వినబడింది. రెండుసార్లూ వినబడింది. నా మాటలు నాకే ముద్దొచ్చి ఆగలేదు. పెద్దరికానికి నేను తగను. ఇంకెవరినైనా పెట్టుకోండి."

కరుణమ్మ తల ఎత్తకుండానే అంది: "నువ్వు పోతే రేపు నీళ్లెవరు చూపిస్తారు? మందలో ఇంకా ముగ్గురు పిల్లలున్నారు. నిన్ను నేను ఇవాళ క్షమించలేనక్కా. ఎప్పటికి క్షమిస్తానో కూడా తెలియదు. ఆ బలం ఇమ్మని దేవుణ్ణి నేనే అడుక్కుంటాను. నువ్వు ముందు ఆ పిల్లలకు నీళ్లు పట్టు."

ఎస్తేరమ్మ చెలమలో తొండం ముంచింది. ముగ్గురు పిల్లలకూ తాగించింది. ఆ తర్వాత తల్లులకు, ముసలివాళ్లకు ఇచ్చింది. చివర్న తొండం నిండా తీసి కరుణమ్మ ముందు నిలబడింది. కరుణమ్మ మొహం తిప్పుకుంది. ఎస్తేరమ్మ తాగమని అడగలేదు. అక్కడి నుంచి కదలనూ లేదు. లోపల్లోపల "తండ్రీ" అనుకుంది. అంతకుమించి ఒక్క మాట కూడా ఆమెకు రాలేదు.

పొద్దు వాలుతుండగా కరుణమ్మ ఇటు తిరిగి ఆ నీళ్లు తాగింది.

నీతి: దాహంతో ఉన్న బిడ్డను ఎదుట నిలబెట్టి చేసే ప్రార్థన మన గొంతు కోసమే గాని దేవుడి కోసం కాదు, పెద్దగా నిలిచినవాళ్లు ముందు నీళ్లివ్వాలి, తప్పు చేస్తే దాన్ని దేవుడి మీదికి నెట్టకుండా తమదేనని చెప్పాలి.