తవిటమ్మ చూసిన బూరె

“ఓలమ్మో! పేలిపోతన్నాయర్రా! బూరెలు పేలిపోతన్నాయి!”

వీధి ఆ చివర నుంచి వచ్చిందా కేక. ఈ చివర తలుపు లేని పాకలో, పొయ్యి ముందు కూర్చున్న ముసలి తవిటమ్మకి వినబడింది. ‘అయిపోయాను. ఇంక నా మీదకే వస్తారు’ అనుకుంది.

ఎందుకలా అనుకుంది? చెప్తా, చెప్తా. తొందరపడితే బూరే వేగదు, కథా సాగదు.

మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న కాలమది. కొండ కింద, కొండవాగు పారే గెడ్డ పక్కన, గెడ్డవలస అని ఒక ఊరు. అక్కడ ఉగాది ముందు రోజు వచ్చే కొత్తమావాస్య అంటే బూరెల పండగే. కూరలెన్ని ఉన్నా, పులిహోర కుండెడు ఉన్నా, అమ్మవారికి బూరె పెట్టందే ఎవరూ మెతుకు ముట్టరు.

అయితే ఆ ఊరి ఆడవాళ్ళకి ఒక భయం. బూరె నూనెలో పేలిందంటే పరాయి కన్ను పడినట్టే. ఒక ఏడు నాలుగు బూరెలు పేలితే వీధి తలుపులు మూశారు. మరో ఏడు ఇంకో నాలుగు పేలితే కిటికీలు మూశారు. ఈ ఏడు మరీ భయమేసి, పొగ పోయే కంతలకి కూడా గోనెపట్టాలు కట్టేశారు.

ఇక తవిటమ్మ. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, తల్లి ఈమెని గుప్పెడు తవుడికి అమ్మేసి మళ్ళీ కొనుక్కుంది. ఆ పేరే ఉండిపోయింది. మొగుడు లేడు, పిల్లల్లేరు, అందుకే బూరె పేలితే అందరి అనుమానం ఆమె కన్ను మీదే. ఊరందరి పప్పూ తవిటమ్మే రుబ్బేది. ఊరందరి పూర్ణం తవిటమ్మే దంచేది. కూలీ అంటారా? రోటికి అంటుకున్నదే కూలీ.

రుబ్బడం అయ్యాక పెద్దింటి సన్యాసమ్మ, “ఇంక నువ్వెళ్ళే తవిటీ, మూకుడు పెడతన్నాం” అని తలుపు మూసేది. మధ్యింటి ఎర్నమ్మ అదే మాట అని తలుపు మూసేది. చివరింటి పోలమ్మ మాట కూడా అనేది కాదు, తలుపు మూసేది.

మర్నాడు చల్లారిన బూరె ఒకటి చేతిలో పడేది, పడకపోతే అదీ లేదు. తవిటమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసుకునేది. ‘తెల్లటి పిండి ఎర్రగా ఎప్పుడవుద్ది? మునుగుద్దా, తేలుద్దా? నూనెలో బూరె ఎలగ పొంగుద్దో!’ జుట్టు నెరిసిపోయింది గానీ ఆ ముచ్చట మాత్రం నెరవలేదు.

ఈ ఏడు ఇంక ఉండబట్టలేదు. దీపానికి దాచుకున్న నూనె చిన్న మూకుట్లో పోసింది. రోటికి అంటిన పూర్ణం గీకి ఉండ చేసింది, పిండి గీకి అందులో ముంచింది, నూనెలో వదిలింది. సరిగ్గా అప్పుడే ఆ కేక!

గరిటెలతో సహా వచ్చేశారు ముగ్గురూ. వెనకాల ఆకలితో ఊరు ఊరంతా.

“ఏటే తవిటీ! ఏ కంతలోంచి చూసావే?” అంది సన్యాసమ్మ.

“కంతలన్నీ మీరే మూసేసారు కదమ్మా!”

“నోరు ముయ్! మూకుళ్ళ నిండా పూర్ణమే తేలతంది. అమ్మవారికి ఏటి పెట్టేది? ఇదుగో, రేపట్నుంచి ఈ ఊళ్ళో నీకు రోలు లేదు. మూట కట్టుకో.”

 ఆ వయసులో తవిటమ్మ ఎక్కడికని పోతుంది? ఏ ఊరి రోలు రమ్మంటుంది?

అంతలో చుయ్‌మని చప్పుడు. మూకుట్లో బూరె తనంతట తనే ఒక్క పొర్లు పొర్లింది. పసిపిల్ల బుగ్గలా ఉబ్బింది. అందరి కళ్ళూ దాని మీదే.

“పేలుద్ది” అంది పోలమ్మ. పేలలేదు.

“ఇప్పుడు పేలుద్ది” అంది ఎర్నమ్మ. పేలలేదు.

సన్యాసమ్మ ముక్కు మీద వేలేసుకుని చూసింది. అప్పుడూ పేలలేదు. ఎర్రగా వేగి తేలింది.

“ఇంతమంది కన్ను పడితే ఇది ఎలగ నిలిచిందే?” అని తవిటమ్మని అడిగింది.

“నాకేటి తెలుసు తల్లీ! ఎప్పుడూ చూళ్ళేదు కదా, వేసే ముందు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. ఒక పక్క పూర్ణం కనబడతంది. మళ్ళీ పిండిలో ముంచాను. మీరూ అలాగే చూసి వేస్తారు కదేటి?”

“ఏటి చూసేది? లోపలంతా చీకటి! నా చెయ్యే నాకు కనబళ్ళేదు...” అని, సన్యాసమ్మ నాలిక కరుచుకుంది.

పొగకి ఎర్రబడ్డ కళ్ళతో ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. “ఓలప్పా, నేనైతే సగం ఉండలు పిండిలో ముంచానో లేదో!” అని ఎర్నమ్మ ముందు నవ్వింది. ఆ నవ్వు ఊరందరికీ అంటుకుంది.

“పొయ్యిలు వీధిలోకి తెండర్రా!” అని కేకేసింది సన్యాసమ్మ.

“మరి నా రోలమ్మా?” అంది తవిటమ్మ.

“నీ రోలు నీదే, పద. ముందు నా మూకుడు కాడ కూకుని చూడు. పిండి అంటనిచోట చెప్పు.”

ఆ రోజు తవిటమ్మ మూడు మూకుళ్ళ దగ్గరా కూర్చుంది. కడుపు నిండా చూసింది, అమ్మవారి భాగం తీశాక మొదటి బూరె తనే తింది. ఆ తర్వాత ఎన్నో కొత్తమావాస్యలు అలాగే చూసి చూసి, ఒక వేసవిలో కన్ను మూసింది.

ఆ మరుసటి పండగనాడు అమ్మవారి భాగం తీశాక, మొదటి బూరె ఎవరికివ్వాలో తోచలేదు. సన్యాసమ్మ దారిన పోయే, తట్టలమ్ముకునేవాణ్ణి పిలిచింది. “ఒరే బాబూ, నూనెలో బూరె పొంగడం ఎప్పుడైనా చూసావా?”

“లేదమ్మా.”

“అయితే రా, చూద్దువుగాని.”

ఇప్పటికీ గెడ్డవలసలో కొత్తమావాస్యకి ఏ తలుపూ మూయరు. మూకుళ్ళు వీధిలోనే. దారిన పోయేవాళ్ళని పిలిచి చూడమంటారు, చూసినవాళ్ళ చేతిలో మొదటి బూరె పెడతారు. దాన్ని తవిటమ్మ బూరె అంటారు. నలుగురి కన్ను పడితేనే బూరె నిలుస్తుందన్నది ఆ ఊరి సామెత.

అమ్మవారి పూజ అయ్యాక ఒక పెద్దావిడ లేచి, “ఇంకా చూడనివాళ్ళు ఎవరన్నా ఉన్నారేటర్రా?” అని అడుగుతుంది. అందరూ చూశామంటే, అప్పుడు వీధి పొడుగునా విస్తళ్ళు వేసి, దారిన వచ్చినవాళ్ళతో సహా ఊరంతా ఒక్క బంతిలో కూర్చుంటారు.